పాత పెట్రోలు జీపుకి కొత్త కార్బురేటర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత పెట్రోలు జీపుల గురించే. మెట్ట ఊళ్లలో మేత తోలడానికీ, తీరం వెంబడి వలలూ పడవలూ లాగడానికీ ఈ బండ్లు ఇంకా పనికొస్తూనే ఉన్నాయి. వీటిలో పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి అందించేది కార్బురేటర్. జబ్బు ఏదైనా సరే "కార్బురేటర్ మార్చెయ్" అనే మాటే షెడ్డులో ముందు వినిపిస్తుంది. కొందరికి అది సరైన సలహా. కొందరికి మాత్రం డబ్బు దండగ. అందుకే జవాబుల్లో కొనడం కన్నా ముందు చూసుకోవాల్సినవి ఎక్కువ రాశాం.

ప్రశ్న: మాది 2.2 లీటర్ల ఎఫ్-హెడ్ ఇంజనున్న మహీంద్రా పెట్రోలు జీపు. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంచితే, ఇంజను నిలబడదు, చోక్ కాస్త లాగి ఉంచితేనే నడుస్తుంది. కార్బురేటర్ అరిగిపోయిందని మెకానిక్ అంటున్నాడు. కొట్టులో మూడు చూపించారు: బాగుచేసిన పాత సోలెక్స్ కంపెనీది, దానికే నకలుగా వచ్చిన కొత్తది, అంబాసిడర్ నుంచి తీసింది. ఏది తీసుకోమంటారు?
— ఒక రైతు, ఉదయగిరి

జవాబు: చోక్ లాగితేనే నడుస్తోందంటే రెండే కారణాలు. పెట్రోలు చాలకపోయినా ఉండాలి, ఎక్కడో సందులోంచి గాలి దూరుతూ అయినా ఉండాలి. ముందు గాలి సంగతి తేల్చండి. ఇంజను ఆపి, యాక్సిలరేటర్ రాడ్డు విప్పేసి, త్రాటిల్ షాఫ్టు (గాలిదారిని తెరిచి మూసే పళ్లెం ఇరుసు) కొసని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. అటూ ఇటూ కదులుతున్నట్టు చేతికి తెలిస్తే షాఫ్టు రంధ్రం అరిగిందన్నమాటే. తర్వాత ఇంజను నడిపిస్తూ షాఫ్టు రెండు కొసల దగ్గరా నాలుగేసి చుక్కలు ఇంజనాయిలు వెయ్యండి. ఆయిలు ఆ సందుని మూసినంతసేపు ఇంజను కుదురుగా నడిచి మళ్లీ తడబడితే ఇక అనుమానం అక్కర్లేదు. ఈ పరీక్షకి పెట్రోలు చల్లేవాళ్లున్నారు. వేడి సైలెన్సర్ పక్కనే ఆ పని చెయ్యకండి, బండి తగలబడుతుంది.

ఎఫ్-హెడ్ ఇంజనులో లోపలికి గాలి వెళ్లే దారి హెడ్డులోనే పోతపోసి ఉంటుంది. అందుకని మిగతా బండ్లలోలా విడి ఇన్‌టేక్ మానిఫోల్డు ప్యాకింగ్ లీకు వెతకాల్సిన పని లేదు. కార్బురేటర్ అడుగున ఉన్న ప్యాకింగ్, క్రాంక్‌కేసు నుంచి హెడ్డుకి వచ్చే గొట్టం, వైపర్ వాక్యూమ్‌తో నడిచేదైతే దాని గొట్టం, ఈ మూడూ చూస్తే చాలు. పనిలో పనిగా డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాపు 0.5 మిల్లీమీటర్లు, ప్లగ్గుల గ్యాపు 0.75 మిల్లీమీటర్లు ఉన్నాయో లేదో గేజితో కొలవండి. కాలిన పాయింట్లు చేసే గోల అచ్చం కార్బురేటర్ జబ్బులాగే ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి షాఫ్టే అరిగితే, మా ఓటు బాగుచేసిన సోలెక్స్‌కే. అయితే ఏం బాగుచేశారో అడగాలి. పెయింటు కొట్టి కొత్త ప్యాకింగులు వేస్తే అది బాగుచేయడం కాదు. షాఫ్టు రంధ్రాలని తొలిచి బుష్‌లు వేశారా? నీడిల్ వాల్వు (ఫ్లోటు గదిలోకి పెట్రోలు రాకని ఆపేది), పంపు డయాఫ్రం కొత్తవా? కొట్టులో నిలబడే నాలుగు సంగతులు చూడొచ్చు. త్రాటిల్ పళ్లెం పూర్తిగా మూసి వెలుతురుకి ఎత్తి పట్టండి. చుట్టూ వెంట్రుకవాసి వెలుగు సమంగా కనబడాలి గాని ఒకవైపే నెలవంకలా కనబడకూడదు. పైమూతని అద్దం మీద బోర్లిస్తే ఎక్కడా ఊగకూడదు. ఫ్లోటు గదిలో, అంటే పెట్రోలు నిలవుండే గిన్నెలో, తెల్లటి పొడీ, గుంటలూ ఉంటే ఆ పోత తినేసిపోయినట్టే, వదిలెయ్యండి. నాలుగోది జెట్ల (పెట్రోలుని కొలిచి వదిలే సన్న రంధ్రాల బిళ్లల) మీద అంకె. సోలెక్స్ జెట్టు మీద 125 అని ఉంటే దాని రంధ్రం 1.25 మిల్లీమీటర్లని అర్థం. ఆ అంకె చెరిగిపోయి, రంధ్రంలో గీతలు కనబడితే ఎవరో సూదో తీగో పెట్టి పెద్దది చేశారు.

నకలు సరుకులో పోత ఒక్కోసారి బాగానే ఉంటుంది, జెట్లే నమ్మకం ఉండవు. మీ పాత జెట్లు దానికి మరలో సరిగ్గా కూర్చుంటేనే దాని గురించి ఆలోచించండి. ఏది కొన్నా పాతదాన్ని మార్పిడికి ఇచ్చెయ్యకండి. మీ ఇంజనుకి కంపెనీ నిర్ణయించిన కొలతలన్నీ దాని జెట్ల మీదే ఉన్నాయి.

అంబాసిడర్‌ది వద్దు. ఆ ఇంజను 1,489 సీసీ, మీది దాదాపు 2,200. లోపలి గొంతు, అంటే వెంచురీ, ఆ చిన్న ఇంజనుకి తగ్గట్టు ఉంటుంది. స్లోలో బాగానే నడిచినట్టు అనిపించి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరాడక నిలబడిపోతుంది. పైగా లివర్లు మీ రాడ్డుకి అందవు, తీగలతో కట్టుకోవాల్సి వస్తుంది. యాక్సిలరేటర్ తీగతో కట్టిన బండి ఘాట్‌లో దిగడం మాకు తలచుకోవడానికే భయం.

కొనడానికి వెళ్లేటప్పుడు పాత కార్బురేటర్‌ని చేత్తో పట్టుకెళ్లండి. రెండు స్టడ్ల మధ్య దూరం, అడుగు రంధ్రం వ్యాసం, త్రాటిల్ లివరు ఏ పక్కకి ఉంది, పెట్రోలు గొట్టం ఏ వైపు నుంచి వస్తుంది, చోక్ కేబులు పట్టే బిగింపు, డిస్ట్రిబ్యూటర్‌కి వాక్యూమ్ గొట్టం ఉంటే దాని ముక్కు, ఇవన్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి.

ప్రశ్న: పెద్ద కార్బురేటర్ వేస్తే పికప్ పెరుగుతుందంటున్నారు. రెండు గొంతులది దొరికింది. జీపుకి వేయించమంటారా?
— కాలేజీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: వద్దు. లెక్క చూడండి. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకి ఒకసారి తన లీటర్లంత గాలి పీలుస్తుంది. 2.2 లీటర్ల ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే 4,400 లీటర్లు. సిలిండర్లు నూటికి ఎనభై పాళ్లే నిండుతాయనుకుంటే దాదాపు 3,500 లీటర్లు, అంటే సుమారు 125 ఘనపుటడుగులు. ఒక గొంతు సోలెక్స్ దీనికి సరిపోతుంది. అంతకన్నా గొంతు పెద్దదైతే అందులో గాలి వేగం పడిపోతుంది. గాలి వేగంగా దూసుకుపోతేనే అక్కడ ఒత్తిడి తగ్గి జెట్టులోంచి పెట్రోలు పైకి లేచి మంచులా విడిపోతుంది. వేగం లేకపోతే పెట్రోలు చుక్కలుగా పడి గోడలకి అంటుకుంటుంది. మీ జీపు ఎక్కువగా తిరిగేది 1,500 నుంచి 2,500 చుట్ల మధ్య. సరిగ్గా అక్కడే బండి నీరసిస్తుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది.

ప్రశ్న: బాగుచేసిన సోలెక్స్ కొన్నాను. షెడ్డుకి వెళ్లకుండా ఇంట్లోనే బిగించుకోవాలని ఉంది. వరుసగా చెప్పండి.
— ఆత్మకూరు

జవాబు: చెట్టు నీడన, గాలి ఆడే చోట, ఇంజను పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. పొడి పౌడరు ఫైర్ సిలిండరు గానీ రెండు బకెట్ల ఇసుక గానీ పక్కనుండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీళ్ల మీద తేలి ఇంకా పాకుతుంది. చుట్టుపక్కల బీడీ వెలగకూడదు. బ్యాటరీ మైనస్ తీగ విప్పేయండి.

విప్పేముందు నాలుగు వైపులా ఫోనుతో ఫోటోలు తీసుకోండి. పెట్రోలు గొట్టం విప్పి, కారే పెట్రోలు సీసాలో పట్టి, కొసకి బోల్టు దూర్చి మూయండి. చోక్ కేబులు, యాక్సిలరేటర్ రాడ్డు, రిటర్న్ స్ప్రింగు, వాక్యూమ్ గొట్టం తీశాక రెండు నట్లూ విప్పి కార్బురేటర్‌ని నిట్టనిలువుగా పైకెత్తండి. ఎత్తిన వెంటనే ఆ రంధ్రంలో పీచు రాలని శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక్క వాషరు లోపల పడితే హెడ్డు విప్పే దాకా వస్తుంది వ్యవహారం.

పాత ప్యాకింగ్‌ని ఇత్తడి రేకుతో గీకి తీయండి. తర్వాత స్టీలు స్కేలుని నిలబెట్టి కార్బురేటర్ అడుగు చదునుగా ఉందో లేదో చూడాలి. స్కేలు కింద 0.1 మిల్లీమీటరు గేజి దూరిందంటే అడుగు వంగింది. అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది సమం చేయండి. రుద్దిన పొడి పూర్తిగా కడిగాకే బిగించాలి.

అడుగున వేడి ఆపే బేకలైట్ దిమ్మ ఉంటే దానికి కిందా పైనా కొత్త ప్యాకింగ్ వెయ్యాలి. సిలికాన్ పేస్టు పూయకండి. పెట్రోలుకి అది ఉబ్బి, ముక్కలుగా ఊడి లోపలికి పోతుంది. నట్లు మాత్రం ఓపిగ్గా, ఒకటి కాస్త, రెండోది కాస్త బిగించుకుంటూ రండి. 1.5 కిలోగ్రాము-మీటరు బిగింపు చాలు. చిన్న స్పానర్‌తో మణికట్టు బలం అంతే. ఎక్కువ బిగిస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు గాని, చెవుల దగ్గర అడుగు వంగి మధ్యలో సందు పడుతుంది. కొత్త కార్బురేటర్ వేసిన మర్నాడే మళ్లీ స్లో నిలబడటం లేదంటే ఎక్కువగా కారణం ఇదే.

ఇంజను స్టార్టు చేసేముందే ఒకరిని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమని మీరు పైనుంచి చూడండి. పళ్లెం నిలువుగా తెరుచుకోవాలి, కాలు తీయగానే ఎక్కడా పట్టకుండా టక్కున మూసుకోవాలి. రిటర్న్ స్ప్రింగులు రెండు పెట్టుకోండి, ఒకటి తెగినా రెండోది లాగుతుంది. చోక్ బటను లోపలికి నొక్కినప్పుడు కార్బురేటర్ దగ్గర లివరు తన కొస దాకా వెనక్కి రావాలి. కేబులు రెండు మిల్లీమీటర్లు బిగుసుకున్నా చోక్ సగం పనిచేస్తూనే ఉండి, బండి నల్లపొగ వేస్తూ పెట్రోలు తాగుతుంది.

ఫ్లోటు గది నిండడానికి సెల్ఫ్ కొంచెం కొంచెంగా కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లకి మించకుండా, మధ్యలో ఆగి. ఇక్కడ చాలామంది కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోస్తూ సెల్ఫ్ కొట్టిస్తారు. ఒక్క బ్యాక్‌ఫైరు వస్తే మంట ఆ సీసాలోకి, చేతి మీదకి, మొహం మీదకి వస్తుంది. దయచేసి ఆ పని చెయ్యకండి, మీ ముందు ఎవరినీ చెయ్యనివ్వకండి.

మిక్చర్ స్క్రూని (స్లోలో పెట్రోలు పాలు సర్దేది) మెల్లగా లోపలికి తిప్పి, తగలగానే ఆపి, అక్కణ్ణుంచి చుట్టున్నర వెనక్కి తిప్పండి. గట్టిగా బిగిస్తే దాని మొన మీద గాడి పడి ఇక ఎప్పటికీ కుదరదు. ఇంజను బాగా వేడెక్కి, చోక్ బటను పూర్తిగా లోపలికి నొక్కాక సర్దుబాటు మొదలెట్టాలి. స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇంజను ఎక్కడ ఎక్కువ వేగంగా, నున్నగా తిరుగుతుందో పట్టుకోండి. అప్పుడు స్లో స్క్రూతో వేగాన్ని 600 చుట్లకి దించండి. మళ్లీ మిక్చర్, మళ్లీ స్లో. రెండు మూడు సార్లకి కుదురుతుంది. వాక్యూమ్ గేజి దొరికితే ఇంకా మంచిది. ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య కదలకుండా నిలవాలి. మిక్చర్ స్క్రూ ఎంత తిప్పినా ఇంజనులో మార్పే లేదంటే పైలట్ జెట్టు (స్లోలో పెట్రోలు ఇచ్చే చిన్న జెట్టు) మూసుకుపోయి ఉంటుంది, లేదా స్లో స్క్రూ మరీ తొక్కేసి పళ్లెం తెరిచి పెట్టి ఉంటారు.

ప్రశ్న: కార్బురేటర్ మార్పించాం, త్వరలోనే షాఫ్టు మళ్లీ అరిగింది. సరుకు నాసిరకమా?
— చీమకుర్తి

జవాబు: సరుకుని అనడానికి ముందు మీ రోడ్డుని చూడండి. గ్రానైటు లారీలు లేపే దుమ్ములో గాజు కన్నా గట్టి క్వార్ట్జ్ ఉంటుంది. అది ఆయిలుతో కలిస్తే షాఫ్టు రంధ్రానికి ఆకురాయే. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ అడుగు గిన్నెలో ఆయిలు గుర్తు గీత దాకా ఉండాలి. తక్కువైతే దుమ్ము పట్టదు, ఎక్కువైతే ఆయిలే ఇంజనులోకి పోతుంది. మీ దగ్గర వారానికోసారైనా గిన్నె విప్పి చూడండి. అడుగున బురద ఒక సెంటీమీటరు పేరుకుందంటే కిరసనాయిలుతో కడిగి కొత్త ఆయిలు పోయాలి. అన్నిటికన్నా ముఖ్యం, క్లీనరుకీ కార్బురేటర్‌కీ మధ్య రబ్బరు గొట్టం. అది పగిలితే క్లీనరు ఉన్నా లేనట్టే. గొట్టం లోపల వేలు పెట్టి తుడిస్తే సన్నటి పొడి అంటిందా, కొత్త కార్బురేటర్ వేసినా పాతదాని గతే పడుతుంది.

ప్రశ్న: ఈమధ్య పెట్రోలులో ఇథనాల్ పెరిగాక బండి తొక్కగానే వెనకాడుతోంది. గొట్టాలు మెత్తబడి ఉబ్బుతున్నాయి. కార్బురేటర్ మార్చాలా?
— ఒంగోలు

జవాబు: మార్చక్కర్లేదు, సర్దాలి. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 కిలోలు చాలు. అంటే ఇథనాల్ లేని రోజుల్లో నిర్ణయించిన జెట్టుతో ఇప్పుడు మిశ్రమం పలచబడుతోంది. దాదాపు 8, 9 శాతం ఎక్కువ పెట్రోలు వెళ్లాలి. 125 జెట్టు ఉంటే 130 వేస్తే రంధ్రం వైశాల్యం 8 శాతం పెరుగుతుంది, లెక్క అక్కడికి సరిపోతుంది. పాత జెట్టుని తొలవకండి, అంకె ఉన్న జెట్టు కొనండి. మార్చాక బరువుతో కొంతదూరం తోలి, ఇంజను ఆపి ప్లగ్గు విప్పి చూడండి. కాఫీ పొడి రంగు ఉంటే సరి. సున్నంలా తెల్లగా ఉంటే ఇంకా పలచన, మసి పట్టి ఉంటే చిక్కన.

గొట్టాలన్నీ ఒకేసారి మార్చండి. ఫ్యుయెల్ ఇంజెక్షన్ బండ్లకి వేసే పెట్రోలు గొట్టం అని అడిగి తీసుకుంటే ఇథనాల్‌ని తట్టుకుంటుంది. కార్బురేటర్ పంపు డయాఫ్రం, పెట్రోలు పంపు డయాఫ్రం కూడా ఈ కాలపు రబ్బరువే వెయ్యాలి. ఇంకో సంగతి. ఇథనాల్ ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న చిలుముని ఊడదీస్తుంది. మొదట్లో ఫిల్టరు మాటిమాటికీ మూసుకుపోతుంది, కంగారు పడకండి. తీరం దగ్గర తేమగాలికి ట్యాంకులో నీరు చేరి ఇథనాల్‌తో కలిసి అడుగుకి దిగుతుంది. నెల దాటి బండి కదలదనుకుంటే ట్యాంకు నింపి పెట్టి, ఫ్లోటు గది ఖాళీ చేయండి.

ప్రశ్న: రోహిణి కార్తెలో హైవే మీద వచ్చి టోల్‌గేటు దగ్గర ఆగితే ఇంజను ఆగిపోయింది. అరగంటకి దానంతటదే స్టార్టయింది. ఇలా రెండుసార్లు. కొత్త కార్బురేటర్ వేస్తే పోతుందా?
— కావలి

జవాబు: ఆగిన క్షణంలోనే కారణం తెలుసుకోవాలి, చల్లారాక తెలియదు. ఇంజను ఆపిన స్థితిలో ఎయిర్ క్లీనర్ గొట్టం తీసి, నోట్లోకి చూస్తూ యాక్సిలరేటర్ లివరు లాగండి. పెట్రోలు ధార చిమ్మితే కార్బురేటర్‌లో పెట్రోలు ఉన్నట్టే. అప్పుడు కాయిలూ కండెన్సరూ చూడాలి, వేడికి అవి కూడా అచ్చం ఇలాగే చేస్తాయి. ధార రాకపోతే ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలో సన్న రంధ్రం మూసుకుపోయింది. అది గుండుసూదితో పోయే జబ్బు. మూత బాగుంటే గొట్టంలోనో పంపులోనో పెట్రోలు ఆవిరై దారి మూసింది. పంపు మీద తడిగుడ్డ చుడితే కాసేపట్లో స్టార్టవుతుంది. శాశ్వతంగా పోవాలంటే గొట్టాన్ని సైలెన్సర్‌కి దూరంగా జరిపి కట్టండి, మధ్యలో రేకు అడ్డం పెట్టండి, కార్బురేటర్ కింద 6 నుంచి 10 మిల్లీమీటర్ల బేకలైట్ దిమ్మ వేయండి. దిమ్మ వేస్తే స్టడ్లు పొడుగువి కావాలి, రాడ్డు పొడవూ సర్దాలి, బానెట్ తగలకుండా చూసుకోవాలి.

ప్రశ్న: కొత్త కార్బురేటర్ వేశాక పెట్రోలు పొంగి బయటికి కారుతోంది. నీడిల్ వాల్వు రెండుసార్లు మార్చాం.
— కొత్తపట్నం

జవాబు: ఎలక్ట్రిక్ పంపు గానీ వేయించారా? ఇంజెక్షన్ కార్ల పంపు ఒత్తిడి 40 పౌండ్లకి పైనే. మీ కార్బురేటర్‌కి కావాల్సింది నాలుగు పౌండ్ల లోపు. ఎన్ని నీడిళ్లు మార్చినా ఆ తోపుని ఆపలేవు. ఇంజను మీద ఉండే మామూలు పంపే అయితే ఫ్లోటు విప్పి వేడినీళ్లలో ముంచండి. బుడగలు వస్తే దానికి చిల్లుంది. ఫ్లోటు బాగుంటే, సోలెక్స్‌లో నీడిల్ వాల్వు కింద వాషరు చూడండి. కొట్టువాళ్లు పల్చటిది వేస్తుంటారు. వాషరు మందం పెరిగితే వాల్వు కిందికి దిగి, పెట్రోలు మట్టం తగ్గుతుంది. ట్యాంకు చిలుము నీడిల్ కింద ఇరుక్కోవడం ఇంకో కారణం, పంపుకి ముందు ఫిల్టరు తప్పనిసరి.

ప్రశ్న: మా టాటా 407 నల్లపొగ వేస్తోంది. కార్బురేటర్ ధర ఎంత?
— బుచ్చిరెడ్డిపాలెం

జవాబు: మీది డీజిలు బండి, దానికి కార్బురేటర్ ఉండదు. ఎయిర్ ఫిల్టరు మార్చి చూడండి. తగ్గకపోతే ఇంజెక్టర్లు తీయించి డీజిల్ పంపు సర్వీసు చేసేచోట పరీక్ష చేయించండి.

ప్రశ్న: కొత్త కార్బురేటర్ వేశాక జీపు పొల్యూషన్ పరీక్షలో పోయింది. బండి మాత్రం బాగా నడుస్తోంది.
— కందుకూరు

జవాబు: భారత్ స్టేజ్-2 పొగ నియమాల కన్నా ముందరి నాలుగు చక్రాల పెట్రోలు బండికి స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. కాస్త చిక్కటి మిశ్రమంతో బండి హాయిగానే నడుస్తుంది గాని మీటరు ఒప్పుకోదు. పరీక్షకి వెళ్లేముందు పదిహేను కిలోమీటర్లు తోలి ఇంజను బాగా వేడెక్కించండి. చోక్ లివరు పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో చూడండి. మీటరు గొట్టం సైలెన్సర్‌లో పెట్టి ఉండగానే మిక్చర్ స్క్రూని అరపావు చుట్టు చొప్పున లోపలికి తిప్పి, ప్రతిసారీ అర నిమిషం ఆగి అంకె చదవమనండి. ఇంజను తడబడే దాకా తిప్పినా అంకె దిగకపోతే పైలట్ జెట్టు పెద్దదైనా వేసి ఉండాలి, ఫ్లోటు మట్టమైనా ఎక్కువ ఉండాలి. అప్పుడు మీ పాత కార్బురేటర్‌లోని పైలట్ జెట్టు తీసి ఇందులో వేసి చూడండి.